కితా రేకో ఎవరు? యుద్ధం తర్వాతి జపాన్ పత్రికల్లో ఒక బొమ్మల మనిషి

పాతకాగితం రాశారు:

అందరికీ నమస్కారం. కథల పక్కన బొమ్మలు గీసినవాళ్ళ గురించి ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి కొంచెం దూరం, జపాన్ దాకా వెళ్దామనుకుంటున్నాను.

1950ల మొదట్లో ఒసాకా ప్రాంతం నుంచి వచ్చే ‘కితాన్ క్లబ్’ అనే పత్రికలో కితా రేకో పేరుతో బొమ్మలు పడేవి. రేకో ఆడపేరు. తాళ్ళతో కట్టేసిన ఆడవాళ్ళ బొమ్మలు అవి. వాటిని గీస్తున్నది కూడా ఆడమనిషే అని చాలామంది పాఠకులు నమ్మారు. ఆ పేరు వెనక ఉన్నది సుమా తొషియుకి అనే మగమనిషి. 1920లో క్యోటోలో పుట్టాడు, 1992లో పోయాడు. బొమ్మలకి కితా రేకో, కథలకీ వ్యాసాలకీ మినోమురా కో. ఇవి కాక ఇంకొన్ని పేర్లు. పైగా ఆ పత్రికలో సంపాదక పని కూడా ఆయనదే. పాఠకుడు పత్రిక తెరిచి కథ ఒకరిది, బొమ్మ వేరొకరిది, ఏరి కూర్చింది మరొకరు అనుకుంటాడు కదా. మూడు చోట్లా ఒక్కడే మనిషి ఉన్నాడన్నమాట.

నన్ను కదలనివ్వనిది అదే. ఒక మనిషి జీవితమంతా పని చేసి, ఆ పని మీద సొంత పేరు పెట్టుకోలేదు. ఆ పత్రికని కొన్నవాళ్ళు ఇంట్లో దాచుకున్నారు. గీసినవాడు పేరు దాచుకున్నాడు. అయినా ఆ బొమ్మల ప్రభావం తర్వాత 40 ఏళ్ళు కనిపిస్తూనే ఉంది.

ఇవి శృంగార పత్రికలు కాబట్టి బొమ్మలు ఇక్కడ పెట్టను, లింకులూ ఇవ్వను. మనిషి గురించి, పని గురించి, ఆ కాలం గురించి మాట్లాడుకుందాం.

గోదారిగట్టు రాశారు:

యుద్ధంలో అంత దెబ్బ తిన్న దేశంలో, తిండికే కటకటగా ఉన్న రోజుల్లో ఇలాంటి పత్రికలు ఎవరు కొన్నారండీ? కాగితం ఎక్కడ దొరికింది?

పాతకాగితం రాశారు:

మంచి ప్రశ్న. అసలు కథ కాగితం దగ్గరే మొదలవుతుంది.

1945 తర్వాత జపాన్‌లో మంచి కాగితానికి రేషన్. కోటా లేనివాళ్ళకి దొరికేది ‘సెంకాషి’ అనే ముతక కాగితం. పాత కాగితాన్ని నానబెట్టి మళ్ళీ తయారు చేసింది. దానిమీద పల్చటి పత్రికలు వందల కొద్దీ పుట్టుకొచ్చాయి. వాటికి ‘కస్తొరి పత్రికలు’ అని పేరు. కస్తొరి అంటే ఆ రోజుల్లో దొంగచాటుగా కాచి అమ్మిన నాటుసారా లాంటిది. ఈ పేరులో ఒక శ్లేష ఉంది. ‘గో’ అంటే సారా కొలిచే కొలత, పత్రిక సంచికని లెక్కపెట్టే మాట కూడా అదే పలుకు. మూడు గోలు తాగితే మనిషి పడిపోతాడు, మూడో గో వచ్చేసరికి పత్రిక పడిపోతుంది. నిజంగానే చాలా పత్రికలు మూడు సంచికలు దాటలేదు.

ఎవరు కొన్నారంటే, అందరూ. అంతకుముందు ఏళ్ళ తరబడి యుద్ధ ప్రచారం తప్ప ఇంకేదీ చదవనివ్వని ప్రభుత్వం ఉండేది. అది పోయింది. అమెరికా సైన్యం పెట్టిన సెన్సార్ విభాగానికి రాజకీయాల మీద ఉన్న పట్టింపు శృంగారం మీద లేదు. దాన్ని జపాన్ పోలీసులకే వదిలేసింది. వాళ్ళ దగ్గర 1907 నాటి శిక్షాస్మృతిలో అశ్లీలతని శిక్షించే 175వ సెక్షన్ ఉంది. యుద్ధం తర్వాత ఆ సెక్షన్ కింద మొదట చిక్కింది ‘ర్యోకి’ అనే కస్తొరి పత్రిక, 1946 చివర్లో వచ్చిన రెండో సంచికకే.

కితాన్ క్లబ్ 1947లో మొదలైంది. పేరుకి అర్థం వింత కథల క్లబ్. అదీ ఒక కస్తొరి పత్రికే. కానీ మూడో సంచికకి పడిపోలేదు, 1975 దాకా నడిచింది.

సిరాబుడ్డి రాశారు:

నేను 22 ఏళ్ళు వారపత్రికలకి బొమ్మలు వేశాను. అందుకని ఈ కాగితం మాట చదవగానే చెయ్యి ఊరుకోలేదు.

ముతక కాగితం మీద లెటర్‌ప్రెస్‌లో బొమ్మ దిగాలంటే ఏం చెయ్యాలో బయటివాళ్ళకి తెలియదు. ఇండియన్ ఇంకుతో గీసిన గీతని జింకు బ్లాకు చేయిస్తారు. గీత మరీ సన్నగా ఉంటే బ్లాకులో తెగిపోతుంది. దగ్గర దగ్గరగా గీస్తే సిరా పీల్చుకుని ముద్దగా అతుక్కుంటుంది. మేము న్యూస్‌ప్రింట్ మీద పడ్డ బాధే అది. పాళీతో ఎంత నాజూగ్గా గీసినా, మర్నాడు పత్రిక చేతికొస్తే ఆ కళ్ళు మనం గీసినవి కావు. అప్పుడు నేర్చుకుంటాం: ఎక్కడ గీత ఆపాలి, ఎక్కడ కాగితాన్ని తెల్లగా వదలాలి అని.

ఇక తాడు. బొమ్మలేసేవాళ్ళకి తాడు చాలా కష్టమైన వస్తువు. పేనిన తాడుకి మెలికలు ఉంటాయి, ఆ మెలికలు వంపుతోపాటు తిరగాలి. కింద ఒళ్ళు ఎలా నొక్కుకుందో, బట్ట ఎలా ముడత పడిందో కనిపిస్తేనే తాడుకి బరువు వస్తుంది. లేకపోతే చొక్కా మీద చారల్లా ఉంటుంది. పాతకాగితం గారు నాకు విడిగా చూపించిన రెండు బొమ్మల్లో నేను మొదట చూసింది అదే. ముడి ఎటు నుంచి ఎటు వెళ్ళిందో వేలు పెట్టి చెప్పొచ్చు. కట్టడం తెలిసినవాడు గీసిన బొమ్మలవి, ఊహించి గీసినవి కావు.

పాతకాగితం రాశారు:

సిరాబుడ్డి గారూ, సరిగ్గా పట్టుకున్నారు. సుమాకి తాడు చేత్తో తెలుసు. ఫోటోల కోసం మోడళ్ళని తనే కట్టేవాడు. ఆ పత్రికల్లో బొమ్మలు గీయడం, కట్టడం, ఫోటోలు తీయించడం, వాటి గురించి రాయడం విడివిడి పనులు కావు.

1952లో కితాన్ క్లబ్ రూపం మారింది. పెద్ద సైజు కస్తొరి పత్రిక కాస్తా చేతిలో ఇమిడే చిన్న సైజు పత్రిక అయింది. అన్ని రకాల వింతలూ కలగలిపి వేసేది, మెల్లగా ఒకే దారి పట్టింది. కట్టడం, హింసించడం, హింస పడటం, వాటి చుట్టూ ఉండే కోరికలు. ఆ మలుపుకి కితా రేకో బొమ్మలే పెద్ద కారణం అని ఆ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఆ బొమ్మలు పడ్డాక పాఠకుల ఉత్తరాలు పెరిగాయి. పత్రికకి అసలు ప్రాణం ఆ ఉత్తరాల పేజీలే. ‘ఇలాంటి ఆలోచనలు నా ఒక్కడికే ఉన్నాయనుకున్నాను’ అనే బాధతో బతికినవాళ్ళు అక్కడ ఒకరికొకరు కనిపించారు, అదీ మారుపేర్లతోనే.

ఒసాకాలో_తెలుగు రాశారు:

నేను 11 ఏళ్ళుగా ఒసాకాలో ఉంటున్నాను. కితాన్ క్లబ్‌కి సకాయ్ చిరునామా ఉండేది. ఒసాకాకి దక్షిణాన ఆనుకుని ఉండే ఊరు. కత్తులకి పేరు, వంటవాళ్ళు వాడే మంచి కత్తులు అక్కడివే. ఇంకో పక్క ప్రాచీన చక్రవర్తుల పెద్ద సమాధి దిబ్బలు. మా ఆఫీసుకి రైల్లో ఆ ఊరి మీదుగానే వెళ్తాను. ఇలాంటి పత్రికకి టోక్యోలో కాకుండా ఇక్కడ ఇల్లు దొరకడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు. ప్రచురణ సంస్థలు, పెద్ద పత్రికలు, సాహిత్య సంఘాలు అన్నీ టోక్యోలో. ఇక్కడివాళ్ళు వ్యాపారం ఎరిగినవాళ్ళు, ఎవరి మెప్పు కోసమూ ఆగరు.

రెండేళ్ళ కిందట టోక్యోలో జింబోచో పాత పుస్తకాల వీధికి వెళ్ళినప్పుడు ఒక కొట్లో 1950ల సంచిక ఒకటి చూశాను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది. కొట్టాయన్ని అడిగితే తీసి చూపించారు. కాగితం టీ రంగులోకి మారింది, అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. ధర నా తాహతుకి మించింది. కొట్టాయన రెండు చేతులతో పట్టుకుని తెరిచి, రెండు చేతులతో మూసి కవర్లో పెట్టారు. ఆ మర్యాద నాకు గుర్తుండిపోయింది.

నీలాంబరి రాశారు:

ఇంతసేపూ ఆగి చదివాను. నా మాట కూడా చెప్పనివ్వండి.

తాడు ఎలా తిరిగింది, గీత ఎక్కడ ఆగింది అని మాట్లాడుతున్నారు. ఆ తాడు లోపల ఒక ఆడమనిషి ఉంది. ఆమె బాధ పడుతుంటే చూసి ఆనందించడానికే ఆ బొమ్మ గీశారు. పైగా గీసిన మగవాడు ఆడపేరు పెట్టుకున్నాడు. ‘చూడండి, ఆడవాళ్ళకే ఇది ఇష్టం’ అని పాఠకుడికి ఒక ధైర్యం ఇచ్చినట్టు కాదా అది? మన వారపత్రికల్లో కూడా ఒక కాలంలో మగవాళ్ళు ఆడపేర్లతో సీరియల్స్ రాశారు, అమ్ముడుపోతాయని. అది వేరు, ఇది వేరు. ఇక్కడ పేరు ఒక అనుమతి పత్రంలా పనిచేసింది అనిపిస్తోంది నాకు.

ఈ టాపిక్ తీసేయమని అనట్లేదు. కానీ ఆ ప్రశ్న పక్కన పెట్టి కళ గురించి మాట్లాడటం నా వల్ల కాదు.

సిరాబుడ్డి రాశారు:

అమ్మా నీలాంబరీ, మీ మాట కాదనలేను. నేను చేతిపని చూశాను, మీరు మనిషిని చూశారు. రెండూ చూడాలి.

గోదారిగట్టు రాశారు:

నీలాంబరి గారు అడిగింది నా మనసులో కూడా ఉంది. ఇది సుమాతోనే మొదలైందా, అంతకుముందు నుంచే ఉందా?

పాతకాగితం రాశారు:

నీలాంబరి గారూ, ఆ ప్రశ్న ఇక్కడ ఉండాలి. దాన్ని దాటవేసే జవాబు నా దగ్గర లేదు, ఇవ్వను కూడా. గోదారిగట్టు గారు అడిగిన ముందుకాలం సంగతి చెప్తాను, మీ ప్రశ్న అక్కడ ఇంకా గట్టిగా నిలబడుతుంది.

సుమా గురువుగా భావించింది ఇతో సెయుని. 1882లో టోక్యో అసకుసా ప్రాంతంలో పుట్టాడు. వార్తాపత్రికలకి బొమ్మలు వేశాడు, నాటకశాలలకి పనిచేశాడు, నాటకాల గురించి రాశాడు. హింస పడుతున్న ఆడవాళ్ళ బొమ్మల్ని జపాన్‌లో ‘సెమె-ఎ’ అంటారు. ఆధునిక కాలంలో ఆ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఈయనే. దీనికి మూలాలు రెండు. ఒకటి, షోగన్లు ఏలిన ‘ఎదో’ కాలంలో, అంటే 1868కి ముందు, నేరస్థుల్ని పట్టి కట్టే విద్య. ఏ కులం వాణ్ణి, ఏ నేరానికి, ఎలా కట్టాలో దానికి శాస్త్రమే ఉండేది. రెండోది కాబుకి అనే జపాన్ సంప్రదాయ నాటక రంగస్థలం. మంచు కురుస్తుంటే తోటలో చెట్టుకి కట్టేసిన వేశ్య ఉరజతో లాంటి ఘట్టాలు. చెదిరిన జుట్టు, జారిన కిమోనో, తాడు. ఇతో సెయు చిన్నప్పుడు చూసిన నాటకాల్ని జీవితాంతం గీస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు కష్టమైన భాగం. 1921లో ఆయన నిండు గర్భంతో ఉన్న తన భార్యని తలకిందులుగా వేలాడదీసి ఫోటో తీయించాడు. అంతకుముందు 1885లో యొషితొషి అనే గొప్ప ముద్రణ చిత్రకారుడు అలాంటి దృశ్యమే గీశాడు, ఒంటరి ఇంట్లో గర్భిణిని వేలాడదీసిన ముసలి రాక్షసి బొమ్మ. నిజంగా మనిషి అలా వేలాడితే ఎలా ఉంటుందో చూడాలని ఈయన కోరిక. ఆ ఫోటో తర్వాత ఒక పత్రికలో వచ్చింది, పెద్ద గొడవ అయింది. భార్య ఒప్పుకుందని ఆయన వైపు నుంచి చెప్పిన మాట. ఆ కాలంలో, ఆ ఇంట్లో, ఆ భర్తకి ‘వద్దు’ అనగలిగేదా అన్నది నేను చదువుతూ ఆగిపోయిన చోటు. నాకు ఆ ఫోటో చూడాలని లేదు. కానీ ఆ ఫోటో లేకుండా ఈ చరిత్ర చెప్పడం అబద్ధం అవుతుంది.

ఈ మనిషే ఎదో కాలపు వీధులు, అంగళ్ళు, బట్టలు, ఆటలు, తిరిగి అమ్ముకునేవాళ్ళు, అన్నిటినీ బొమ్మలతో సహా పలు సంపుటాలుగా నమోదు చేశాడు. ఆ రోజుల మామూలు జనం బతుకు తెలుసుకోవాలంటే ఇప్పటికీ అవి పనికొస్తున్నాయి. 1945 విమాన దాడుల మంటల్లో ఆయన పని చాలావరకు కాలిపోయింది. యుద్ధం అయ్యాక ఆయన్ని మళ్ళీ వెతికి పట్టుకున్నది ఈ చవక పత్రికలే. కితాన్ క్లబ్ లాంటి చోట్ల ఆయన రాతలూ బొమ్మలూ వచ్చాయి. 1961లో పోయాడు.

సుమా చేసింది ఆ పాత నాటకరంగాన్ని కొత్త పాఠకుడి దగ్గరికి తేవడం. నా కంటికి కనిపించిన తేడా ఒకటే. ఇతో సెయు బొమ్మలో చలి, మంచు, నాటకం ముందుంటాయి. కితా రేకో బొమ్మలో ముఖం ముందుంటుంది. ఆ ముఖంలో భయం ఉందా, సిగ్గు ఉందా, ఇంకేదైనా ఉందా అని పాఠకుడు తేల్చుకోలేడు. నీలాంబరి గారి అభ్యంతరం కూడా సరిగ్గా ఆ ముఖం మీదే అనుకుంటాను.

వకీలు_77 రాశారు:

చట్టం గురించి నాలుగు మాటలు. జపాన్ సుప్రీంకోర్టు 175వ సెక్షన్ మీద ఇచ్చిన పెద్ద తీర్పు డి.హెచ్. లారెన్స్ ఇంగ్లీషు నవల ‘లేడీ చాటర్లీస్ లవర్’ అనువాదం కేసులో. అనువాదం 1950లో వచ్చింది, తీర్పు 1957 మార్చిలో. ప్రచురణకర్తకి 2 లక్షల 50 వేల యెన్లు, అనువాదకుడికి లక్ష యెన్లు జరిమానా. అనువాదకుడి పేరు ఇతో. పాతకాగితం గారు చెప్పిన చిత్రకారుడే కదా?

పాతకాగితం రాశారు:

కాదండీ, ఇద్దరూ వేరు. అనువాదకుడు ఇతో సెయ్, నవలాకారుడు, విమర్శకుడు. చిత్రకారుడు ఇతో సెయు. ఒక్క అక్షరం తేడా. నేనూ మొదటి వారం ఇద్దర్నీ కలిపేశాను.

వకీలు_77 రాశారు:

థాంక్స్ అండీ, సరిచేసుకున్నాను. అయితే ఇంకో సంగతి చెప్పాలి, ఇది మనకి దగ్గరిది. అదే నవల మన సుప్రీంకోర్టుకి కూడా వెళ్ళింది. బొంబాయిలో ఒక పుస్తకాల దుకాణం భాగస్వాముల మీద 292వ సెక్షన్ కింద కేసు. ఒక్కొక్కరికి 20 రూపాయలు జరిమానా. 1964లో సుప్రీంకోర్టు ఆ శిక్షని ఖాయం చేసింది. ఇంగ్లండ్‌లో విక్టోరియా కాలం నాటి హిక్లిన్ కొలబద్దనే వాడింది, అంటే బలహీనమైన మనసు గలవాడి చేతిలో పడితే చెడిపోతాడా అన్న ప్రశ్న. ఆ కొలబద్దని మన కోర్టు పక్కన పెట్టి, సమాజంలో ఈనాటి ప్రమాణాలు చూడాలని చెప్పింది 2014లో.

ఆ రోజుల్లో రెండు దేశాల్లోనూ పెద్ద రచయిత నవలకే శిక్ష తప్పలేదు. అలాంటప్పుడు మారుపేర్లతో నడిచే చిన్న పత్రిక వాళ్ళ భయం ఎంతుంటుందో ఆలోచించండి. రేకో అన్న పేరు పాఠకుణ్ణి ఆకట్టుకోవడానికే కాదు, రక్షణ కోసం కూడా అయ్యుంటుందని నా ఉద్దేశం.

పాతకాగితం రాశారు:

ఆ భయం నిజమే. 1955లో కితాన్ క్లబ్ మీద దెబ్బ పడింది. కొన్ని నెలలు ఆగిపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు అట్ట మీద బొమ్మ లేదు. ఒట్టి తెల్ల అట్ట, దానిమీద పేరు. అభిమానులు ఇప్పటికీ ఆ కాలాన్ని ‘తెల్లట్టల కాలం’ అంటారు. బొమ్మలతో పేరు తెచ్చుకున్న పత్రిక బొమ్మ లేకుండా బతకాల్సి వచ్చింది. చిత్రంగా ఆ తెల్లట్టల కాలంలోనే పత్రికలో రాత బలపడింది. నుమా షోజో అనే మారుపేరుతో ఒక విచిత్రమైన భవిష్యత్ నవల 1956లో సీరియల్‌గా మొదలైంది. మిషిమా యుకియో లాంటి పెద్ద రచయిత ఈ పత్రికని చదివేవాడు, ఆ నవలని మెచ్చుకున్నాడు.

అప్పటికి సుమా టోక్యో చేరాడు. 1956లో కుబో షోతెన్ అనే సంస్థ నుంచి ‘ఉరమదో’ అనే పత్రిక మొదలుపెట్టాడు. ఉరమదో అంటే ఇంటి వెనక కిటికీ. హిచ్‌కాక్ సినిమా ‘రియర్ విండో’ జపాన్‌లో ఆడింది ఆ పేరుతోనే. ఇటువంటి పత్రికకి ఇంతకన్నా మంచి పేరు దొరకదు. ఆ పత్రిక 1965 దాకా ఉంది.

అక్కడ సుమా దగ్గర పనిచేసి, తర్వాత సంపాదకత్వం తీసుకున్న కుర్రాడు ఈదా తొయొకజు. నురెకి చిముఓ అనే పేరుతో జపాన్‌లో తాడు కట్టడంలో పెద్ద పేరున్న మనిషి అయ్యాడు. 1930లో పుట్టి 2013లో పోయాడు. ఇతో సెయు నుంచి సుమాకి, సుమా నుంచి నురెకికి, ముగ్గురి చేతుల మీదుగా ఒక విద్య దాదాపు 100 ఏళ్ళు నడిచిందన్నమాట. ఇప్పుడు ప్రపంచంలో ‘షిబారి’ అని వర్క్‌షాపులు పెట్టి నేర్పుతున్నారే, దాని వంశవృక్షంలో ఈ ముతక కాగితాల పత్రికలు ఉన్నాయి.

నిర్వాహకులు రాశారు:

చర్చ మర్యాదగా సాగుతోంది, అందరికీ ధన్యవాదాలు. బొమ్మల లింకులు అడుగుతూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాం. దయచేసి అడగకండి.

బొమ్మలబాబు రాశారు:

నేను యానిమేషన్‌లో పనిచేస్తాను, హైదరాబాద్. మా స్టూడియోలో జపాన్ బొమ్మలంటే ప్రాణం పెట్టేవాళ్ళున్నారు, వాళ్ళలో ఒకరు హరుకవా నమియో పేరు చెప్పారు. ఆయన కూడా ఈ బాపతేనా?

పాతకాగితం రాశారు:

అవును బాబూ, ఆ తర్వాతి తరం. 1947లో ఒసాకా ప్రాంతంలో పుట్టాడు, 2020లో పోయాడు. హైస్కూల్ చదివే రోజుల్లోనే కితాన్ క్లబ్‌కి బొమ్మలు పంపాడు. పేరు చూడండి, అదీ తయారు చేసుకున్నదే. తనిజాకి అనే జపాన్ రచయిత నవలలో నాయిక నవోమి పేరులో అక్షరాలు తిప్పితే నమియో. ఇంటిపేరు హరుకవా మసుమి అనే నటి నుంచి.

నీలాంబరి గారికి ఇది చెప్పాలి. ఈయన బొమ్మల్లో వరస మొత్తం తిరగబడింది. ఆడవాళ్ళు కొండల్లా పెద్దగా, ధీమాగా, తమ లోకంలో తాము ఉంటారు. మగవాడు చిన్నగా, వాళ్ళ కింద నలిగిపోతూ ఉంటాడు. పెన్సిల్ నీడలు ఎంత మెత్తగా ఉంటాయంటే ఒంటి బరువు తెలుస్తుంది. 2013లో పారిస్‌లోని శృంగార కళల మ్యూజియంలో ఆయన బొమ్మలు ప్రదర్శించారు. ఒకే పత్రిక ఉత్తరాల పేజీల్లోంచి కితా రేకో కట్టేసిన ఆడవాళ్ళూ, హరుకవా గెలిచిన ఆడవాళ్ళూ వచ్చారు.

నీలాంబరి రాశారు:

ఇది నాకు తెలియదు. తిరగబడినంత మాత్రాన మొదటి ప్రశ్న పోదు. కానీ ఆ పత్రికలో ఒక్క రకం కోరికే లేదని అర్థమైంది.

సిరాబుడ్డి రాశారు:

మరి సుమా చివరి రోజులు ఎలా గడిచాయి? పని దొరికిందా? మా వాళ్ళలో చాలామంది పత్రికలు మూతపడ్డాక సైన్‌బోర్డులు రాసుకున్నారు, అందుకే అడుగుతున్నాను.

పాతకాగితం రాశారు:

దొరికింది సార్. 1970లో ‘ఎస్ఎమ్ సెలెక్ట్’ అనే పత్రిక వచ్చి బాగా అమ్ముడైంది. దాని వెనకే అలాంటివి ఇంకా వచ్చాయి. 1974లో దాన్ ఒనిరొకు నవల ‘హనా తో హెబి’, అంటే పువ్వూ పామూ, నిక్కత్సు స్టూడియో సినిమా తీసింది. ఆ నవల మొదట వచ్చింది కూడా 1962లో కితాన్ క్లబ్‌లోనే, అదీ వేరే మారుపేరుతో. అలా చీకట్లో ఉన్నది కాస్తా బజార్లోకి వచ్చింది. ఆ పత్రికలకి మినోమురా కో పెద్దదిక్కు. రాశాడు, గీశాడు, కట్టాడు, కుర్రవాళ్ళకి చూపించాడు.

కానీ ఒకటి పోయింది. ఆఫ్‌సెట్ వచ్చింది, రంగు ఫోటోలు వచ్చాయి. పత్రికకి ముందు పేజీల్లో పెట్టే ప్రత్యేక బొమ్మని వాళ్ళు ‘కుచి-ఎ’ అంటారు, కథ పక్కన బొమ్మ ‘సషి-ఎ’. ఒకప్పుడు ఆ రెండిటి కోసమే పాఠకుడు ఎదురుచూసేవాడు. ఫోటో వచ్చాక బొమ్మ పేజీ నింపే వస్తువైంది.

సిరాబుడ్డి రాశారు:

అది మాకూ జరిగింది. 90ల్లో ఒక రోజు పొద్దున నేను పనిచేసే పత్రిక ఆఫీసుకి వెళ్తే, ఇకనుంచి కథలకి ఫోటోలు వాడతామన్నారు. నా టేబుల్ మీద సగం గీసిన బొమ్మ ఉంది. ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ సగమే.

ఒసాకాలో_తెలుగు రాశారు:

సిరాబుడ్డి గారూ, ఆ బొమ్మ పూర్తి చేయండి. నిజంగా అడుగుతున్నాను.

అసలు కాగితాలు ఎక్కడున్నాయని ఎవరైనా అడిగితే, ఆ కాలం పత్రికలు చాలా భాగం జపాన్‌లో కాదు, అమెరికాలో ఉన్నాయి. అమెరికా ఆక్రమణ కాలంలో సెన్సార్ విభాగం 1945 నుంచి 1949 దాకా అచ్చయిన ప్రతిదాన్నీ తెప్పించుకుంది. విభాగం మూసేసినప్పుడు గోర్డన్ ప్రాంజ్ అనే చరిత్రకారుడు వాటిని పారేయనివ్వకుండా మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి పంపించాడు. 13 వేలకు పైగా పత్రికలు, వాటిలో కస్తొరివి కూడా. ఇక 50ల తర్వాతివాటికి టోక్యోలో ఈ రకం పత్రికల కోసమే 1984 నుంచి నడుస్తున్న ఒక ప్రైవేటు గ్రంథాలయం ఉంది. సభ్యులకి కూర్చుని చదువుకునే వీలుంటుంది.

నీలాంబరి రాశారు:

వారం రోజుల తర్వాత మళ్ళీ వస్తున్నాను. పాతకాగితం గారు కాబుకి మూలం అన్నారని, అలాంటి ఘట్టాలు ఏమున్నాయో వెతికి ఒకటి పూర్తిగా చూశాను. ‘కింకకుజి’ ఘట్టం, అంటే క్యోటోలోని బంగారు మండపం గుడి. 1757లో ఒసాకాలో తోలుబొమ్మలాట కాదు, పెద్ద చెక్కబొమ్మలతో ఆడే జొరురి నాటకంగా మొదలైంది, తర్వాత కాబుకిలోకి వచ్చింది.

అందులో యుకిహిమె ఒక చిత్రకారిణి. సెష్షు అనే మహా చిత్రకారుడి మనవరాలిగా చూపిస్తారు. ఆ గుడిని ఆక్రమించిన దైజెన్ అనే దుర్మార్గుడు ఆమెని గుడి లోకప్పు మీద డ్రాగన్ బొమ్మ గీయమంటాడు, లేదా తనకి లొంగమంటాడు. ఒప్పుకోదు. పూసిన చెర్రీ చెట్టుకి కట్టేస్తాడు. భర్తని చంపడానికి తీసుకెళ్తుంటారు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. పూరేకులు వానలా రాలుతుంటే, వాటిని కాళ్ళతో కుప్ప చేసి, కాలి బొటనవేలితో ఆ రేకుల్లో ఎలుకల బొమ్మ గీస్తుంది. ఆ ఎలుకలు లేచి వచ్చి తాడు కొరికేస్తాయి. సెష్షు చిన్నప్పుడు గుళ్ళో స్తంభానికి కట్టేస్తే కన్నీళ్ళతో నేల మీద ఎలుకని గీశాడన్న కథ నుంచి తీసుకున్నారట.

నేను ఏడ్చాను. ఈ బొమ్మలన్నిటికీ తల్లి లాంటి ఘట్టంలో, కట్టేసి ఉన్న మనిషే బొమ్మ గీస్తోంది. దైజెన్ చూడాలనుకున్న బొమ్మ కాదు, తనకి కావలసిన బొమ్మ. సుమా బొమ్మల్లో ఆ ఆడవాళ్ళకి కాళ్ళు కనిపిస్తాయి కదా. ఆ వేళ్ళు ఊరికే ఉన్నాయా?

సిరాబుడ్డి రాశారు:

అమ్మా, మీ పోస్టు చదివి పాతకాగితం గారు పంపిన ఆ రెండు బొమ్మలూ మళ్ళీ తీశాను. ఒకదాంట్లో పాదాలు కిమోనో అంచు కింద దాగిపోయాయి. రెండోదాంట్లో కుడికాలు కొద్దిగా ముందుకుంది. బొటనవేలు నేలకి ఆనించి, మిగతా వేళ్ళు పైకి లేపినట్టు గీశాడు. కింద నేల గీయలేదు. తెల్లగా వదిలేశాడు.